పండగ గొడవలో కేసు, లోక్ అదాలత్‌లో రాజీ. ఆర్మీ ఫారంలో రాయాలా, వద్దా?

చంపావతి_కుర్రోడు:
అన్నలందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా. అగ్నివీర్ జీడీ (జనరల్ డ్యూటీ) ఆన్‌లైన్ పరీక్ష పాసయ్యాను, విశాఖ ఏఆర్ఓ (ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు) ర్యాలీకి పిలుపు వచ్చింది. 1600 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో కొడుతున్నా. పులప్స్ పది వస్తున్నాయి. ఆ టెన్షన్ లేదు. ఉన్న టెన్షనంతా ఒక కాయితం గురించి.

2023లో మా ఊళ్లో అమ్మవారి పండగ రాత్రి డీజే దగ్గర పక్కవీధి వాళ్లతో గొడవైంది. అప్పటికి నాకు 18 నిండి నాలుగు నెలలు. నేను కొట్టింది ఒక్క దెబ్బ, అదీ చెప్పుతో. వాళ్లలో ఒకడికి పెదవి చిట్లింది. నలుగురి మీద ఐపీసీ 323 (కొట్టడం), 341 (దారి అడ్డగించడం) సెక్షన్లు పెట్టారు. నేను ఏ4, అంటే నాలుగో నిందితుణ్ణి. ఆరు నెలలయ్యాక కోర్టు కానిస్టేబుల్ ఫోన్ చేసి, "లోక్ అదాలత్ ఉంది, రెండు పార్టీలూ వచ్చి సంతకాలు పెట్టేయండి, అయిపోద్ది" అన్నాడు. పెట్టాం. కొట్టినవాళ్లం, కొట్టించుకున్నవాళ్లం ఒకే ఆటోలో ఊరికొచ్చాం.

ఇప్పుడు అఫిడవిట్‌లో, తర్వాత ఇచ్చే వెరిఫికేషన్ ఫారంలో కేసుల సంగతి అడుగుతారట. కోచింగ్ సారేమో "క్లోజ్ అయిందిగా, నిల్ అని రాసేయ్" అంటున్నారు. నాన్నేమో "రాస్తే ఇప్పుడే పోద్ది, రాయకపోతే ఎప్పుడు పోద్దో తెలీదు" అని రాత్రుళ్లు మంచం మీద అటూ ఇటూ దొర్లుతున్నారు. ఏం చెయ్యమంటారు?

సెకన్ల_లెక్క:
రాయకు బ్రో. మా ఊళ్లో ఇద్దరున్నారు, కేసులుండి కూడా నిల్ రాసి దూరిపోయారు. వెరిఫికేషన్‌కి ఎస్‌బీ (స్పెషల్ బ్రాంచ్) కానిస్టేబుల్ ఇంటికి వస్తే టీ ఇచ్చి మాట్లాడుకోవడమే. లేనిపోనిది మనమే నెత్తి మీదకి తెచ్చుకోవడం దేనికి?

మాధవరం_హవల్దార్:
పై అబ్బాయి చెప్పింది వినకు బాబూ. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మిలటరీ మాధవరం అంటారు కదా, అదే. పదిహేడేళ్లు చేసి దిగాను. అందులో మూడేళ్లు ట్రైనింగ్ సెంటర్లో ఉస్తాద్‌గా, అంటే ట్రైనింగ్ ఇచ్చేవాడిగా ఉన్నాను.

ఆర్మీలో వెరిఫికేషన్ జవాబు ర్యాలీ రోజునే రాదు. నువ్వు చేరి, జుట్టు తీయించుకుని, డ్రిల్లు మొదలెట్టాక కూడా రావచ్చు. మా కంపెనీలో ఒక కుర్రాడు, ఏ రాష్ట్రమో చెప్పను. ఫైరింగ్‌లో బాగా కొట్టేవాడు. ఐదో నెలలో వాళ్ల జిల్లా ఎస్పీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కాలేజీ రోజుల్లో బస్సు అద్దం పగిలిన కేసులో వీడి పేరుంది. ఫారంలో లేదు. కంపెనీ కమాండర్ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎందుకు రాయలేదు?" జవాబు లేదు.

వెళ్లేరోజు పొద్దున బ్యారక్‌లో నల్లపెట్టె మీద తెల్లరంగుతో రాసుకున్న తన నంబరును బ్లేడుతో గీకుతూ కూర్చున్నాడు. పెట్టె వాడు సొంత డబ్బుతో కొనుక్కున్నదే. "ఊళ్లో దింపాక ఇది కనబడకూడదు ఉస్తాద్" అన్నాడు. సగం గీకాక బ్లేడు విరిగింది. నేనే ఇంకోటి తెచ్చిచ్చాను.

వాణ్ణి పంపించింది అద్దం పగిలినందుకు కాదు, దాచినందుకు. ఎన్‌రోల్‌మెంట్‌లో అబద్ధం చెప్పడం 1950 ఆర్మీ చట్టంలో 44వ సెక్షన్ కింద నేరం, ఐదేళ్ల దాకా జైలు వేయొచ్చు. అంతదూరం వెళ్లడం నేను చూడలేదు, ఇంటికి పంపడం మాత్రం చూశాను.

కాపీ_అప్లికేషన్:
నేను జిల్లా కోర్టులో జూనియర్ లాయర్ని. తమ్ముడూ, ముందు ఒక సంగతి తేల్చుకో. లోక్ అదాలత్‌లో నువ్వు పెట్టిన సంతకం దేని మీద? జనం రెండు వేర్వేరు వాటిని కలిపేసి "కేసు కొట్టేశారు" అంటుంటారు.

ఒకటి, రాజీ. ఫిర్యాదు చేసినవాడు ఒప్పుకుంటే 323, 341 రెండూ రాజీ పడదగ్గ సెక్షన్లే. రాజీ రికార్డయితే పాత సీఆర్‌పీసీ 320(8) ప్రకారం నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. 2024 జూలై 1 తర్వాతి కేసులైతే, సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో అదే 359వ సెక్షన్.

రెండోది, "తప్పు ఒప్పుకుంటున్నాను" అని చెప్పి ఫైన్ కట్టడం. ఐదొందలు కట్టినా, వంద కట్టినా అది శిక్షే. ఆ రోజు చాలా తేలిగ్గా ఉంటుంది, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటావు. తర్వాత ఏ ఫారంలో అడిగినా నువ్వు శిక్షపడినవాడివి. నా దగ్గరికి వచ్చే ఉద్యోగాల గొడవల్లో సగం ఇక్కడ పుట్టినవే.

కోర్టుకెళ్లి సీసీ నంబరు (కోర్టు కేసు నంబరు) వేసి కాపీ అప్లికేషన్ పెట్టు, ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసుకో. స్టేషన్లో నోటిమాటగా చెప్పింది ఎక్కడా పనికిరాదు. ఈ-కోర్ట్స్ సైటులో కేసు ఎలా ముగిసిందో కూడా చూసుకో.

ఇక రాయాలా వద్దా అంటే, ఫారంలో ప్రశ్న ఎలా ఉందో అక్షరం అక్షరం చదువు. కేంద్ర కొలువుల అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ జరిగిందా, బైండోవర్ చేశారా (మంచి నడవడికకి పూచీకత్తు రాయించుకున్నారా), కోర్టు ఫైన్ వేసిందా, శిక్ష పడిందా, కేసు పెండింగ్‌లో ఉందా అని విడివిడిగా అడుగుతారు. నీకు శిక్ష పడలేదు, నిజమే. కానీ ప్రాసిక్యూషన్ జరిగింది. అక్కడ "లేదు" అంటే అబద్ధం. పైన మొదటి పేరాలోనే, దాస్తే అదే అనర్హత అని రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు.

కోళ్లబరి:
పైన లాయర్ గారు చెప్పిన రెండో రకం నేనే. భీమవరం వైపు. సంక్రాంతికి బరి దగ్గర నిలబడి చూస్తున్నా. పందెం కాయలేదు, జేబులో ఉన్నవి 340 రూపాయలు. పోలీసులొచ్చేసరికి పందెంరాయుళ్లు చేలకి అడ్డంపడి పోయారు, దొరికింది మాబోటి చూసేవాళ్లం. గేమింగ్ యాక్ట్. కోర్టులో హెడ్డుగారు "పేరు పిలిస్తే ఒప్పుకుంటున్నా సార్ అను, ఫైన్ కట్టు, బస్సెక్కు" అన్నారు. పదకొండు మందిమి వరసగా అదే అన్నాం. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

తర్వాతేడు ర్యాలీలో రన్నింగ్, మెడికల్ అన్నీ అయ్యాయి. ఫారంలో నిజం రాశా. లెటర్ రాలేదు. ఆ కేసు వల్లో మెరిట్ వల్లో ఎవరూ చెప్పలేదు. కాకపోతే నా కంటే తక్కువ మార్కులవాడు ఇప్పుడు జబల్పూర్‌లో ఉన్నాడు.

కాపీ_అప్లికేషన్:
@కోళ్లబరి, బాధగా ఉంది. ఒప్పుకున్నాక అప్పీలుకి దారి చాలా ఇరుకు, శిక్ష ఎంత, చట్టప్రకారమేనా అన్న దాని మీదే వాదించాలి. రివిజన్ వేయొచ్చేమో, ఆర్డర్ చూస్తే గానీ చెప్పలేను. చదివే మిగతావాళ్లు గుర్తుపెట్టుకోండి. ఫైన్ చిన్నదని ఒప్పుకునే ముందు లాయర్‌తో ఒక్కసారి మాట్లాడండి. డబ్బు లేకపోతే ప్రతి కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఉచితం.

నైట్_షిఫ్ట్:
హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్ కూడా ఇందులోకే వస్తుందా? ఫ్రెండ్ సీడీఎస్ (సైన్యంలో ఆఫీసర్ల పరీక్ష) రాస్తున్నాడు. వాడు అది చలానా లాంటిదే అంటున్నాడు.

కాపీ_అప్లికేషన్:
కాదు. హెల్మెట్ చలానా వేరు, ఇది వేరు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. మొదటిసారే ఆరు నెలల దాకా జైలు, 10 వేల ఫైన్, లేదా రెండూ వేయొచ్చు. కోర్టులో కట్టినది శిక్షే.

కాజీపేట_జంక్షన్:
మీరు రాజీ గురించి మాట్లాడుకుంటున్నారు. మా దోస్తుకు ఆ అవకాశం కూడా లేదు. 2022 జూన్ 14న అగ్నిపథ్ (నాలుగేళ్ల సర్వీసుకే అగ్నివీర్‌లను తీసుకునే పథకం) ప్రకటించారు, 17న దానికి వ్యతిరేకంగా సికింద్రాబాద్ స్టేషన్‌లో గొడవ. ఫిజికల్, మెడికల్ అయి రాత పరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లే చాలామంది. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ చూసి పోయాడు. బోగీలు కాలాయి, పోలీసు కాల్పుల్లో మా వరంగల్ పిల్లగాడు చనిపోయాడు. మావాడు రాయి వేశాడా లేదా నేను చూడలేదు. వీడియోలో మాత్రం ఉన్నాడు.

రెండు రోజులకు ఢిల్లీలో ప్రెస్ మీట్. ఎఫ్‌ఐఆర్ ఉంటే చేరలేరు, నూటికి నూరుపాళ్లు పోలీసు వెరిఫికేషన్, విధ్వంసంలో లేమని అందరూ రాసివ్వాలి అని లెఫ్టినెంట్ జనరల్ అనిల్ పురి చెప్పారు. అప్పుడు వాడు మా మేనమామ బావి దగ్గర దాక్కుని ఉన్నాడు, ఆ మాట నా ఫోన్లోనే విన్నాడు. ఫోన్ నాకిచ్చి మోటారు ఆపడానికి లేచిపోయాడు.

ఆ ఏడాదికి మాత్రం వయసు 23 దాకా సడలించారు. కేసు నడుస్తుండగానే అది కూడా దాటిపోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో పార్సిళ్లు వేస్తున్నాడు. రేపు నిర్దోషి అన్నా వాడికి ఒరిగేదేం లేదు, కోర్టుకి తొందరుండదు, ఏఆర్ఓకి వయసు ఆగదు.

పెద్దక్క_ఒంగోలు:
వయసు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా పెద్ద తమ్ముడి కాపురం చెడింది. మరదలి వైపు వాళ్లు పెట్టిన 498ఏ (భర్త, అత్తింటివాళ్ల వేధింపుల) కేసులో అమ్మ, నాన్న, నేను, చివరికి హాస్టల్లో ఉండే చిన్నోడి పేరు కూడా రాశారు. వాడు ఆ ఇంట్లో మొత్తం కలిపి పది రోజులు కూడా లేడు. అప్పటికి గుంటూరు ఏఆర్ఓ ర్యాలీ అయి మెరిట్ లిస్టు కోసం చూస్తున్నాడు.

హాస్టల్ హాజరు పట్టీ, మెస్ బిల్లులు పెట్టి హైకోర్టులో వాడి ఒక్కడి వరకు కేసు కొట్టేయించాం. పద్నాలుగు నెలలు పట్టింది. తర్వాత నోటిఫికేషన్‌కి ఇంకా వయసు మిగిలింది, మా అదృష్టం. ఫారంలో కేసు నంబరు, హైకోర్టు ఆర్డర్ నంబరు రెండూ రాసి కాపీ జతచేశాడు. చేరాడు. కాబట్టి రాస్తే పోద్ది అన్నది అందరికీ నిజం కాదు.

సెకన్ల_లెక్క:
అక్కా, మీది హైకోర్టు కొట్టేసిన కేసు. ఇతనిది రాజీ. రాజీ అంటే తప్పు చేశాడనేగా అనుకునేది?

కాపీ_అప్లికేషన్:
ప్రశ్న మంచిదే. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ దీని మీదే దారి చూపింది. కుర్రతనంలో నినాదాలిచ్చినట్టి చిన్న కేసులైతే, దాచినా కూడా యజమాని పెద్దమనసుతో వదిలేయొచ్చు. ముగిసిన కేసును నిజాయితీగా చెప్పినా, అతని పూర్వచరిత్ర చూసే హక్కు యజమానికి ఉంటుంది, తీసుకుని తీరాలని బలవంతపెట్టలేం. అంటే రాస్తే గ్యారంటీ లేదు. ఉన్నమాట అది.

దాచినవాళ్ల సంగతి లాటరీయే. 2022 మేలో ఒక ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) అభ్యర్థిని మళ్లీ తీసుకోమంది అదే కోర్టు. సెప్టెంబరులో ఒక సీఆర్పీఎఫ్ అభ్యర్థి తొలగింపును సరే అంది. పవన్ కుమార్, సతీశ్ చంద్ర యాదవ్ అని వెతికితే రెండు తీర్పులూ దొరుకుతాయి. గెలిచినవాడు కూడా సుప్రీంకోర్టు దాకా నడవాల్సి వచ్చింది. అగ్నివీర్ సర్వీసే నాలుగేళ్లు, అంతకంటే ఎక్కువకాలం కోర్టులో తిరుగుతావా?

నిమ్మతోట:
18 నిండకముందు కేసైతే?

కాపీ_అప్లికేషన్:
జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ శిక్ష వల్ల అనర్హత అంటుకోదు. 16 నిండి ఘోరనేరంలో పెద్దవాళ్లలా విచారించిన కేసులు తప్ప. సీఐఎస్‌ఎఫ్ అభ్యర్థి రమేశ్ బిష్ణోయ్ కేసులో 2019లో సుప్రీంకోర్టు, బాల్యంలోని కేసును చూపి ఉద్యోగం కాదనలేం అంది. చంపావతి తమ్ముడికి ఇది నాలుగు నెలల తేడాతో తప్పిపోయింది.

డాలస్_పిన్ని:
ఇక్కడ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. మా అబ్బాయి గ్రీన్ కార్డ్ మీద అమెరికా ఆర్మీలో చేరాడు. పదహారేళ్లప్పుడు షాపులో హెడ్‌ఫోన్స్ జేబులో వేసుకుని దొరికాడు, కోర్టు రికార్డు సీల్ చేసింది. ఇక లేనట్టే అనుకున్నాం. రిక్రూటర్ మాత్రం సీల్ చేసినా, చెరిపేసినా మాకు చెప్పాల్సిందే అన్నాడు. ఇక్కడ పెద్ద నేరంలో శిక్షపడితే చేర్చుకోకూడదని ఫెడరల్ చట్టమే ఉంది, అయినా వెయివర్ (మినహాయింపు) అడగడానికి దారి ఉంది. మావాడిది చిన్నదే. టీచర్ల ఉత్తరాలు, వాడు రాసిన సంజాయిషీ పెట్టాం, నెలలు పట్టింది కానీ వచ్చింది. మా ఆయన మాత్రం ఇప్పటికీ ఆ హెడ్‌ఫోన్స్ మాటెత్తితే భోజనం దగ్గర్నుంచి లేచిపోతారు.

చంపావతి_కుర్రోడు:
తొమ్మిది రోజుల తర్వాత వచ్చాను, సారీ. కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టాను. నిన్న చేతికి వచ్చింది. "రాజీ నమోదైనందున 320(8) ప్రకారం ఏ1 నుంచి ఏ4 వరకు నిర్దోషులుగా విడుదల" అని ఉంది. ఒప్పుకున్నట్టు ఎక్కడా లేదు. నాన్న దాన్ని మూడుసార్లు చదివించుకున్నారు.

తర్వాత అఫిడవిట్‌కి నోటరీ దగ్గర టైపింగ్ షాపుకెళ్లా. పది రూపాయల స్టాంపు పేపరు. అతని కంప్యూటర్లో మ్యాటర్ రెడీగా ఉంది, పేర్లు మార్చడమే. "నా మీద ఎప్పుడూ ఎలాంటి కేసులూ లేవు" అని ముందే కొట్టి ఉంది. మార్చమంటే "అందరికీ ఇదే ఇచ్చా, పొద్దున్నుంచి నువ్వు పద్నాలుగోవాడివి, ఎవరూ అడగలేదు" అన్నాడు. సీసీ నంబరు, కోర్టు పేరు, తేదీ, విడుదలైన సంగతి నేను చెబుతుంటే విసుక్కుంటూ కొట్టాడు. ముప్పై రూపాయలు ఎక్స్‌ట్రా తీసుకున్నాడు.

ర్యాలీ వచ్చే బుధవారం. రాత్రి రెండింటికే లైన్లో నిలబడాలట. స్వెట్టర్ లోపలికి రానిస్తారా?

మాధవరం_హవల్దార్:
ట్రాక్ దాకా వేసుకో, పరుగు ముందు తీసి నాన్నకివ్వు. కోర్టు కాపీ ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకు, జిరాక్స్ ఇచ్చి ఒరిజినల్ చూపించు. అరటిపండ్లు రెండు చాలు, పాలు తాగి పరిగెత్తొద్దు.