చర్చ: లేజర్ పెట్టెల పళ్లు జిగురు లేకుండా బిగుసుకోవాలా, ఫెవికాల్‌కి సందు వదలాలా?

కొయ్యపెట్టె:
3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక), ప్లైతో లేజర్ మీద పెట్టెలు కోసేవాళ్లలో కొందరు, పలకల అంచుల్లో ఒకదాని గాడిలో ఒకటి దూరే పళ్లు రబ్బరు సుత్తితో తట్టితేనే దిగాలంటారు. చేత్తో నొక్కితే దిగాలి, మిగతాది ఫెవికాల్ పట్టుకుంటుందని ఇంకొందరంటారు. నా ఓటు సుత్తికే. లెక్క చూడండి. లేజర్ మనం గీసిన గీత మీదే నడుస్తుంది, కోత గీతకి రెండు పక్కలా పడుతుంది. కోత వెడల్పు, అంటే కెర్ఫ్, 0.16 మి.మీ. అనుకుంటే 10 మి.మీ. పన్ను 9.84కి తగ్గుతుంది, దాని గాడి 10.16కి పెరుగుతుంది. మొత్తం 0.32 సందు. పెట్టె ఊగేది అందుకే. గీతని పలక నుంచి 0.08 బయటికి జరిపితే రెండూ సరిగ్గా 10. 0.10 జరిపితే పన్ను గాడి కంటే 0.08 ఎక్కువవుతుంది, జిగురు చుక్క లేకుండా నిలబడుతుంది.

వైజాగ్_కోత:
లెక్క సరే, పళ్లు విరిగే సంగతో? 0.08 బిగుతు ఒక్క పన్నుకి ఏమీ కాదు. అంచుకి ఎనిమిది పళ్లుంటే ఎనిమిదింటి బలమూ ఒకేసారి పెట్టాలి. మూల పన్నుకి ఒక పక్కే ఆధారం, ముందు అదే పోతుంది. ప్లైలో పై పొర రేఖ పన్నుకి అడ్డంగా ఉంటే మొదట్లోనే పుటుక్కుమంటుంది.

పైగా అంత బిగుతు జాయింటుకి ఫెవికాల్ రాస్తే, దిగేటప్పుడు జిగురంతా గీరుకుని బయటికొస్తుంది. అందులో నీళ్లుంటాయి కాబట్టి ఎండీఎఫ్ ఉబ్బి పన్ను సగంలో ఆగిపోతుంది. ఇక అటూ కదలదు, ఇటూ కదలదు. జరుపుడు 0.07 చాలు. 0.04 సందు వస్తుంది, జిగురు పొర అందులో నిలుస్తుంది.

పలక_మందం:
మీ ఇద్దరూ పన్ను వెడల్పు గురించే మాట్లాడుతున్నారు. పలక మందం సంగతి? 3 మి.మీ. అని అమ్మే ప్లై 2.7 కూడా ఉంటుంది, 3.2 కూడా ఉంటుంది. పెట్టె మధ్యలో అడ్డుపలక దూరే గాడి ఎత్తు పలక మందాన్ని బట్టి రావాలి. 2.7 పలకకి 3.0 గాడి గీసి, ఆ వదులు పోవాలని కెర్ఫ్ అంకె పెంచితే అడ్డుపలక బాగానే కూర్చుంటుంది గానీ మూలల్లో పళ్లు అసలు దిగవు. ముందు వెర్నియర్ కాలిపర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) నాలుగు మూలలా కొలిచి ఆ మందమే డ్రాయింగ్‌లో వేయండి. రెండు లోపాల్ని ఒకే అంకెతో దిద్దకండి, దయచేసి.

ప్లై కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. 710 మెరైన్ రకంలో (నీళ్లకి తట్టుకునే ప్లై) ఫినాలిక్ జిగురు ఉంటుంది, లేజర్‌కి లొంగదు, బొగ్గవుతుంది. ఇళ్లలో వాడే మామూలు ఎంఆర్ రకం మేలు. పీవీసీ ఫోమ్ బోర్డు మాత్రం మెషిన్‌లో పెట్టనే వద్దు, విషవాయువు వస్తుంది.

కొత్తచేయి:
పెట్టె డ్రాయింగ్ గీసిచ్చే బాక్సెస్.పైలో బర్న్ (గీత జరుపుడు) 0.16 వేశాను, లేజర్‌ని నడిపే లైట్‌బర్న్ సాఫ్ట్‌వేర్‌లో కూడా కెర్ఫ్ ఆఫ్‌సెట్ (అదే జరుపుడు) 0.16 వేశాను. పన్ను గాడి మీద కూర్చుంటోంది తప్ప లోపలికి పోవడం లేదు అన్నా.

కొయ్యపెట్టె:
రెండు తప్పులు కలిశాయి తమ్ముడూ. ఆ రెండు చోట్లా అడిగేది కెర్ఫ్‌లో సగం, 0.08. అదీ ఒక్క చోటే వేయాలి, రెండోది సున్నా. లైట్‌బర్న్‌లో వేస్తే గీతలన్నీ మూసిన ఆకారాలుగా ఉండాలి. పలకలు పక్కపక్కన పెట్టి ఒకే గీతని పంచుకుంటే అది కుదరదు.

అసలు 0.16 ఎక్కడిది? ఎవరో చెప్పిన అంకె వాడకండి. 100 మి.మీ. దీర్ఘచతురస్రం గీసి, లోపల 9 అడ్డగీతలు పెట్టి కోయండి. 10 ముక్కలు, 11 కోతలు. ముక్కల్ని ఆ కన్నంలోనే ఒక పక్కకి నెట్టి, మిగిలిన ఖాళీ కొలిచి 11తో భాగించండి. 1.76 వస్తే కెర్ఫ్ 0.16. డయోడ్ లేజర్ అయితే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కోయాలి, దాని చుక్క గుండ్రంగా ఉండదు.

వైజాగ్_కోత:
ఆ పరీక్షతో ఆగకండి. కోత అంచు నిటారుగా ఉండదు, సాధారణంగా పైన వెడల్పు, కింద ఇరుకు. వెర్నియర్ పన్నులో అన్నిటికన్నా లావు చోటునీ, గాడిలో అన్నిటికన్నా ఇరుకు చోటునీ పట్టుకుంటుంది. అందుకే వేర్వేరు జరుపుళ్లతో పళ్లు, గాడులున్న చిన్న దువ్వెన లాంటి పరీక్ష ముక్క కోసి 0.06 నుంచి 0.10 దాకా ఐదు జరుపుళ్లూ చేత్తో దూర్చి చూడాలి. బిగించేటప్పుడు లేజర్ తగిలిన ముఖం లోపలికి తిప్పితే, పన్ను గాడిలోకి వెడల్పుగా ఉన్న వైపు నుంచి దిగి బయట కనపడే అంచు దగ్గర పట్టేస్తుంది. పేరు చెక్కే పలకకి ఇది కుదరదు, చెక్కుడు పై ముఖం మీదే పడుతుంది కదా.

కొయ్యపెట్టె:
ముఖం తిప్పడం ఒప్పుకుంటాను, కింద మరకలు పడకుండా మాస్కింగ్ టేప్ వేస్తే సరి. జిగురు మాత్రం ఒప్పుకోను. కాలిన అంచు మీద ఫెవికాల్ పట్టు తక్కువ, బొగ్గు గీకితే కొలత పోతుంది. సర్క్యూట్ బోర్డు పెట్టే డబ్బా మళ్లీ విప్పాలి కూడా.

వైజాగ్_కోత:
విప్పే డబ్బాకి 0.09 పెట్టుకోండి, అక్కడ నాకు పేచీ లేదు. నగల పెట్టెకి మాత్రం 0.07, ఫెవికాల్, గంటసేపు క్లాంప్. వానాకాలంలో కోస్తే దువ్వెన మళ్లీ కోయాలి, తేమకి పలక మందం మారుతుంది.