‘ప్రమాదో ధీమతామపి’లో ఉన్నది ఏ ప్రమాదం?

ప్రశ్న: ‘ప్రమాదో ధీమతామపి’ అంటే ‘తెలివైనవాళ్ళకీ యాక్సిడెంట్లు అవుతాయి’ అని మా అబ్బాయి అర్థం చెప్పాడు. కాదన్నానే గానీ సరిగ్గా చెప్పలేకపోయాను. అసలు ఫాలిబిలిటీకి, అంటే ఎంతటివాళ్ళయినా పొరపాటు చేసే స్వభావానికి, తెలుగులో ఏమనాలి? ‘స్ఖలనశీలత’ బాగుంటుందా?

జవాబు: మీ అబ్బాయిని అనడానికి లేదండీ. ఇప్పటి తెలుగులో ప్రమాదం అంటే బస్సు బోల్తా పడటమే. సంస్కృతంలో అది ఏమరుపాటు. ప్ర + మద్. మదం, ఉన్మాదం పుట్టిన ధాతువే ఇదీ. బుద్ధుడు చివరిగా చెప్పాడంటారే, ‘అప్పమాదేన సంపాదేథ’ అని, అక్కడ అప్పమాదం అంటే ఏమరకుండా ఉండటం. మనం కారణాన్ని వదిలేసి ఫలితానికి ఆ పేరు పెట్టుకున్నాం. ‘ప్రమాదవశాత్తు బావిలో పడి’ అని పేపర్లో చదువుతాం కదా, అందులో మాత్రం పాత అర్థం ఇంకా మిగిలే ఉంది: ఏమరుపాటు వల్ల పడ్డాడని.

ఇక స్ఖలనశీలత. వద్దండీ బాబూ! ‘గచ్ఛతః స్ఖలనం క్వాపి భవత్యేవ ప్రమాదతః’ అని మంచి శ్లోకమే ఉంది. నడిచేవాడు ఎక్కడో ఒకచోట ఏమరి కాలు జారక మానడని. కానీ తెలుగులో స్ఖలనం ఎప్పుడో సెక్సాలజిస్టుల సొంతమైపోయింది. క్లాసులో ఆ మాట వాడి చూడండి, తెలుస్తుంది.

నన్నడిగితే మన ‘తప్పు’ చాలు. అది మొదట పాపమూ కాదు, నేరమూ కాదు, ఉండాల్సిన చోటు నుంచి పక్కకి పోవడం. దారి తప్పింది, గురి తప్పింది, స్పృహ తప్పింది, నెల తప్పింది. ఎవరూ పూనుకుని చేసే పనులు కావివి. పసిపిల్లలు వేసేవి తప్పటడుగులు. అదే మాట పెద్దవాళ్ళ గురించి వాడితే పరువు పోయినట్టే, అది వేరే సంగతి.

మరొకరు: తప్పు అంత అమాయకమైన మాటేం కాదండీ. మా వైపు కుల పంచాయితీల్లో ‘తప్పు కట్టించారు’ అంటే జరిమానా వేశారని.

జవాబు: నిజమే, ఆ వాడుక మరిచాను. ‘తప్పింది’కీ ‘తప్పు చేశాడు’కీ మధ్య దూరం చాలా ఉంది. అచ్చు పనిలో ఉన్నవాళ్ళు మాత్రం ఆ ‘చేశాడు’ జోలికి పోరు. తప్పు ‘దొర్లింది’ అంటారు, రాయి దొర్లినట్టు. లేదా ముద్రారాక్షసం అని నాటకం పేరు తెచ్చి రాక్షసుడి నెత్తిన పెడతారు. మా ఇంటి శుభలేఖ ప్రూఫు నేను మూడుసార్లు చదివాను. ‘గ్రహప్రవేశం’ అనే అచ్చయింది. వట్రసుడి ఉండాల్సిన చోట క్రావడి. ఉందనుకుని చదివేశాను, అంతే. ఏ గ్రహం ప్రవేశిస్తోందని మా బావగారు ఇప్పటికీ అడుగుతారు.

ప్రశ్న అడిగినవారు: నేను అనువదిస్తున్న వాక్యం ‘మనిషి ఫాలిబుల్’ అని. ‘మనిషి తప్పు’ అంటే అర్థమే మారిపోతోందే!

జవాబు: ‘పొరపడేవాడు’ అనండి. నామవాచకం కావాల్సిన చోట ‘పొరపడే గుణం’. ‘శీలత’ తగిలించాలని మాత్రం చూడకండి.