స్పెల్లింగ్ సరిచేసే పీఆర్‌లు తీసుకోవాలా వద్దా?

గోదారి_కోడర్:
అందరికీ నమస్తే. నేనూ ఇంకో ఫ్రెండూ ఆఫీసు అయ్యాక రాత్రిళ్ళు ఒక చిన్న ఓపెన్ సోర్స్ పైథాన్ లైబ్రరీ చూసుకుంటాం, డాక్స్ (ఎలా వాడాలో చెప్పే పేజీలు) కూడా మేమే రాస్తాం. పోయిన శనివారం ఒక్కరోజే పదిహేను పీఆర్‌లు (పుల్ రిక్వెస్ట్‌లు, అంటే ఈ మార్పు మీ ప్రాజెక్టులో కలుపుకోండని బయటివాళ్ళు పంపేవి) వచ్చాయి, చాలావాటిల్లో ఉన్నది రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టు పరిచయం పేజీలో, కామా తీసెయ్యడమో, చివర్లో "వెరీ గుడ్ లైబ్రరీ" అని ఒక లైన్ కలపడమో. తొమ్మిదింటికి మర్యాదగా జవాబు రాసి మూసేసరికి అర్ధరాత్రి దాటింది, అసలు బగ్గు జోలికే వెళ్ళలేదు. ఇంకో ఆరు అలాగే ఉన్నాయి. ఇకమీదట స్పెల్లింగ్ పీఆర్‌లు వద్దని రాసేద్దామనుకుంటున్నా, ఏమంటారు?

ఓరుగల్లు_పోరడు:
నేనైతే ఒప్పుకోనన్నా. నాది తెలుగు మీడియం, నా మొదటి పీఆర్ గూడ స్పెల్లింగే. ఫోర్క్ అంటే ఏందో బ్రాంచ్ అంటే ఏందో తెల్వకుండె, ఆ ఒక్క అక్షరం కోసం రెండు రాత్రులు కూసున్న. ఆ ప్రాజెక్టు చూసుకునే మెయింటెయినర్ దాన్ని మెర్జ్ చేసి, అంటే కలుపుకొని, థాంక్స్ అని రాసిండు, ఆ ధైర్యంతోనే తర్వాత వాళ్ల ఇన్‌స్టాల్ పేజీ మొత్తం తిరగరాసిన. ఆయన అప్పుడు మూసేస్తే నేను మళ్ల ఆ దిక్కు చూడకపోదును.

పాత_చెయ్యి:
ఈ గొడవ కొత్తదేం కాదండి. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ (ఓపెన్ సోర్స్‌కి పీఆర్‌లు పంపమని ఏటా అక్టోబర్‌లో జరిపే కార్యక్రమం) వాళ్ళు నాలుగు పీఆర్‌లకి టీషర్టు అనేసరికి జనం రీడ్‌మీల మీద పడ్డారు, అక్టోబర్ మొదటి వారం తిరగకుండానే నిర్వాహకులు రూలు మార్చి, మాకిష్టమే అన్న రిపోల్లో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట్లలో) పంపినవే లెక్క అనాల్సొచ్చింది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే పేరున్న జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు రీడ్‌మీలో మన దేశం పిల్లలు ఎవరి పేరు వాళ్ళు చేర్చి పంపడం కూడా అలాంటిదే, ఒక ట్యుటోరియల్ వీడియోలో ఆ రిపో మీదే చేసి చూపించారు, చూసినవాళ్ళు చూసినట్టే పంపేశారు. నేను పిల్లల్ని తప్పుపట్టను, ప్రాక్టీసుకి వేరే రిపో పెట్టాల్సింది నేర్పేవాళ్ళే.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. నేను తెలుగు అనువాదాలు చేస్తుంటా. స్ఫింక్స్ అనే టూల్‌తో కట్టిన డాక్స్‌లో ఇంగ్లిష్ వాక్యంలో ఒక్క కామా మారినా అనువాదం ఫైల్లో ఆ వాక్యం ఫజ్జీ (మళ్ళీ చూడాల్సింది) అయిపోతుంది, ఎవరో ఒకరు మళ్ళీ చూసి సరే అనేదాకా పేజీలో ఇంగ్లిషే కనిపిస్తుంది. అక్కడ ఒకరు సరదాగా కామా తీస్తే ఇక్కడ నా ఆదివారం పోతుంది, అదే పది తప్పులు ఒకేసారి రిలీజ్‌కి ముందు సరిచేస్తే ఒక్క పూటలో అయిపోతుంది.

డాక్స్_అక్క:
నేను రివ్యూ చేసేటప్పుడు ఒకటే అడుగుతా, ఆ పేజీలో చెప్పినట్టు నీ మిషన్‌లో చేసి చూశావా అని. మా ప్రాజెక్టుకి ఒకమ్మాయి, బీటెక్ మూడో ఏడు, కొత్తగా ఉబుంటు 24.04, దాని మీద పిప్ (పైథాన్ లైబ్రరీలు దించే టూల్) వేసుకుని మా పేజీలో మొదటి కమాండ్ పిప్ ఇన్‌స్టాల్ కొట్టగానే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఎర్రర్, అంటే సిస్టమ్ పైథాన్‌లో నేరుగా వెయ్యనివ్వనని. మేమంతా ఎప్పుడో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్‌తో సంబంధం లేకుండా విడిగా పెట్టుకునే పైథాన్) కట్టుకుని కూర్చున్నాం, మాకు ఆ ఎర్రర్ ఎలా కనిపిస్తుంది? ఆ కమాండ్‌కి పైన అది కట్టుకునే రెండు లైన్లు చేర్చి పంపింది, పక్కనే ఉన్న స్పెల్లింగ్ కూడా దిద్దింది. స్పెల్లింగ్ వద్దని బోర్డు పెట్టుంటే ఆ అమ్మాయి భయపడి అసలు పంపేదే కాదేమో.

గోదారి_కోడర్:
అక్కా, మా పేజీలోనూ ఉత్త పిప్ ఇన్‌స్టాలే ఉంది, ఇప్పుడే చూశా. సరే, వద్దని రాయను. స్పెల్లింగ్‌లన్నీ ఒకే ఇష్యూలో (తప్పులు రాసిపెట్టుకునే పోస్టులో) పోగేసి రిలీజ్‌కి ముందు ఒక్క పీఆర్‌గా పెడదాం, పంపేవాళ్ళు ఏ మిషన్‌లో ఏం చేసి చూశారో ఒక లైన్ రాయాలి. కానీ అదైనా ఎవరో ఒకరు కూర్చుని చూడాలి కదా, మేమిద్దరమే.

ఓరుగల్లు_పోరడు:
ఆదివారాలు నేను చూస్తనన్నా. రిపో లింక్ పంపు, ఆ ఆరింటిని మాత్రం అప్పటిదాంక మూసెయ్యకు.