నాన్నగారి అస్థికలను చర్చి కొలంబేరియంలో ఉంచవచ్చా? నిర్ణయానికి ముందు ఏమేమి అడగాలి?

ప్రశ్న: డాలస్ నుంచి ఒక సోదరి

అందరికీ వందనాలు. మా నాన్నగారు నాలుగు నెలల క్రితం ప్రభువునందు నిద్రించారు. మాది గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబం. అమ్మా నాన్నా పదకొండేళ్లుగా డాలస్‌లో నా దగ్గరే ఉన్నారు. తనను దహనం చేయమని నాన్నగారే ఆసుపత్రిలో చెప్పారు. “ఇక్కడ పాతిపెడితే ఇక్కడే ఉండిపోతాను. అస్థికలైతే ఎప్పటికైనా మీతో కదిలి రాగలను” అన్నారు. ఆయన కోరినట్లే చేశాం. అప్పటి నుంచి ఆ పాత్ర అమ్మ గదిలో బల్ల మీద ఉంది.

అమ్మ ఆదివారం ఆరాధనకు వెళ్లే చర్చి ఆవరణలో కొలంబేరియం ఉంది. చూడనివారి కోసం చెబుతున్నాను: అస్థికల పాత్రలు పెట్టడానికి గోడలో వరుసలుగా కట్టిన గూళ్లు అవి. ఒక్కో గూటికి రాతిపలక మూత, దాని మీద పేరు, తేదీలు ఉంటాయి. ఇద్దరికి సరిపోయే గూడు ఇస్తామని పాస్టరుగారు అన్నారు. అమ్మ మనసు అటే ఉంది.

ఊళ్లో పెదనాన్నగారు మాత్రం ఒప్పుకోవడం లేదు. “క్రైస్తవులకు కాల్చడం ఏమిటి? జరిగిందేదో జరిగింది, ఆ అస్థికలైనా తెచ్చి సమాధుల తోటలో నాయనమ్మ పక్కన భూస్థాపన చేయండి” అంటున్నారు. తమ్ముడేమో సగం ఇక్కడ, సగం అక్కడ ఉంచుదామంటున్నాడు. అమ్మ ఎవరికీ జవాబు చెప్పక ఊరుకుంటోంది.

గూడు తీసుకునే ముందు చర్చివారిని ఏమేమి అడగాలి? రెండుగా పంచడం తప్పా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

జవాబు: హ్యూస్టన్ నుంచి ఒక సభ్యుడు

చెల్లెమ్మా, ముందుగా మీ అమ్మగారికి ప్రభువు ఆదరణ కలుగుగాక. మా సంఘంలో కొలంబేరియం చూసుకునే కమిటీలో తొమ్మిదేళ్లు పనిచేశాను. అందుకే ఈ జవాబు కాస్త పెద్దదవుతోంది.

పెదనాన్నగారి మాటతో మొదలుపెడతాను. తమ్ముడి మీద గుప్పెడు మట్టి వేయలేకపోయిన అన్న బాధ అది. వాక్యాలు చూపి గెలవాలని ప్రయత్నించకండి. ఆయనే వాక్యం అడిగితే మాత్రం చెప్పండి. యాబేష్గిలాదు వారు సౌలునూ అతని కుమారులనూ దహనం చేసి, ఎముకలను చెట్టు కింద పాతిపెట్టారు. ఆ పని చేసినందుకు దావీదు వారిని ఆశీర్వదించాడు. ఇక మీ నాన్నగారి మాట చదవగానే నాకు యోసేపు గుర్తుకు వచ్చాడు. ఐగుప్తులో చనిపోయే ముందు, తన ఎముకలను అక్కడి నుంచి తీసుకుపోవాలని ఆయన ఇశ్రాయేలీయుల చేత ప్రమాణం చేయించుకున్నాడు. మోషే వాటిని వెంట తీసుకుని బయలుదేరాడు. అవి షెకెములో భూమికి చేరింది తరాలు గడిచాక. పరదేశంలో కన్నుమూసే మనిషికి ఉండే ఆశ అది, కొత్తది కాదు.

కొలంబేరియం అన్న మాటకు లాటిన్‌లో పావురాల గూళ్లని అర్థం. రోమా నగరంలో క్రైస్తవానికి ముందే ఇలాంటివి ఉన్నాయి. మన భాషలో పిట్ట ఉండేదీ గూడే, గోడలో దీపం పెట్టేదీ గూడే. అందుకే మా కమిటీలోని తెలుగువాళ్లం ‘అర’ అనడం మాని ‘గూడు’ అనేవాళ్లం. వాషింగ్టన్ నేషనల్ కెథీడ్రల్‌లో హెలెన్ కెల్లర్ అస్థికలు, ఆమెకు చదువు చెప్పిన ఆన్ సలివాన్ అస్థికలు ఒకే చోట ఉన్నాయి. గురువును 1936లో, శిష్యురాలిని 1968లో అక్కడ ఉంచారు. పెదనాన్నగారికి ఈ సంగతి చెప్పి చూడండి, కొందరికి ఇది ధైర్యమిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. చర్చివారు మీకు అమ్మేది గోడ కాదు, స్థలమూ కాదు. సాధారణంగా మీకు దక్కేది ఆ గూటిని వాడుకునే హక్కు మాత్రమే. అంటే, మీ నాన్నగారిని మేము చూసుకుంటాం అని ఒక సంఘం ఇచ్చే మాట అది. మాట ఇచ్చే మనుషులు మంచివారే. కానీ సంఘాలూ తగ్గిపోతాయి, మరో సంఘంలో కలుస్తాయి, ఆవరణలు అమ్ముడుపోతాయి. మేము మునుపు వెళ్లిన ఒక సంఘంలో అదే జరిగింది. సభ్యులు తగ్గి స్థలం అమ్మవలసి వచ్చేసరికి ఇరవైకి పైగా కుటుంబాల పాత్రలు ఆ గోడలో ఉన్నాయి. అలాంటప్పుడు ఎవరి ఖర్చుతో ఎక్కడికి తరలించాలో ఏ కాగితంలోనూ రాసి లేదు. కొందరి వారసుల చిరునామాలే దొరకలేదు. ఒక పెద్దావిడ తన భర్త పాత్రను కారులో ఒళ్లో పెట్టుకుని వెళ్లడం నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అబ్రాహాము శారాను సమాధి చేయడానికి మక్పేలా గుహ అడిగినప్పుడు ఎఫ్రోను ఊరికే ఇస్తానన్నాడు. అబ్రాహాము తీసుకోలేదు. ఊరి గుమ్మం దగ్గర, అందరూ వింటుండగా నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చి, పొలమూ గుహా చెట్లతో సహా స్థిరపరచుకున్నాడు. దుఃఖంలో ఉండి కూడా ఆయన అంత జాగ్రత్త తీసుకున్నాడు. కాబట్టి ఒప్పంద పత్రం అడగడం అపనమ్మకం అవుతుందేమోనని సంకోచించకండి.

ఆ పత్రంలో ముందుగా చూడవలసింది: సంఘం మూతపడినా, కలిసిపోయినా, స్థలం అమ్మినా పాత్రలను తరలించే బాధ్యత ఎవరిది? గూళ్ల సొమ్ములో కొంత నిర్వహణ కోసం విడిగా నిధిలో వేస్తున్నారా, లేక చర్చి మామూలు ఖర్చుల్లో కలిపేస్తున్నారా? ఇక్కడి చట్టాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. కొన్ని చోట్ల వాణిజ్య శ్మశానాలకు పెట్టిన నిబంధనలు చర్చి కొలంబేరియాలకు వర్తించవు. అలాంటి చోట మీకు రక్షణ ఆ పత్రం ఒక్కటే.

రెండోది, తర్వాత బయటకు తీసుకోవడం. మీ నాన్నగారు కదలగలగాలనే దహనం కోరారు కాబట్టి మీకు ఇది ముఖ్యం. ఎవరు అడిగితే ఇస్తారు? అమ్మగారి తర్వాత ఆ హక్కు మీకా, మీ తమ్ముడికా, ఇద్దరూ సంతకం చేయాలా? ఖాళీ అయిన గూటికి డబ్బు తిరిగి వస్తుందా? అన్నీ రాయించుకోండి.

పాత్ర కొనే ముందు గూటి లోపలి కొలతలు తీసుకోండి. మామూలుగా పెద్దవారి అస్థికలకు రెండు వందల ఘనపు అంగుళాల పాత్ర, అంటే మూడు లీటర్లకు కొంచెం పైన, సరిపోతుంది. ఇద్దరి గూడు అని చెప్పినా, మీరు ఇష్టపడి కొన్న గుండ్రని కలశం రెండో దానికి చోటు లేకుండా చేయవచ్చు. నలుచదరపు పెట్టెలు మేలు. దహనం చేసినవారు అస్థికలతో పాటు అంకె చెక్కిన చిన్న లోహపు బిళ్ల ఇచ్చి ఉంటారు. పాత్ర మార్చినా దాన్ని పారేయకండి, అందులోనే ఉంచండి. అవి ఎవరివో చెప్పే గుర్తు అదే.

పలక మీద పేరు తెలుగులో చెక్కించాలనుకుంటే చర్చి అనుమతి ముందే అడగండి. చెక్కేవారికి అక్షరాలు టైపు చేసి పంపవద్దు. వారి కంప్యూటర్‌లో ఒత్తులు విడిపోయి, గుణింతాలు చెదిరిపోయే ప్రమాదం ఉంది. తెలుగు తెలిసినవారి చేత పేరు బొమ్మగా తయారు చేయించి పంపండి. రాయి మీద ఉలి పడకముందు నమూనా తెప్పించుకుని, ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకోండి.

జవాబు: న్యూజెర్సీ నుంచి ఒక సభ్యురాలు

అక్కా, మేము ఆర్.సి.ఎం. వాళ్లం, అంటే రోమన్ కథోలికులం. పంచడం గురించి మా వైపు నియమం స్పష్టంగా ఉంది. మీరు లూథరన్లు కాబట్టి ఇది మిమ్మల్ని కట్టివేయదు, కానీ దాని వెనుక ఉన్న ఆలోచన మీకు పనికి రావచ్చు.

కథోలిక శ్రీసభ దహనాన్ని 1963లో అనుమతించింది. 1983 నాటి ధర్మశాస్త్రం కూడా భూస్థాపననే సిఫారసు చేస్తూ, దహనాన్ని నిషేధించలేదు. 2016లో వాటికన్ మరో సూచన ఇచ్చింది. దాని ప్రకారం అస్థికలను సమాధుల తోటలోనో చర్చిలోనో, పవిత్రంగా ప్రతిష్ఠించిన చోట ఉంచాలి. ఇంట్లో పెట్టుకోకూడదు, కుటుంబసభ్యులు పంచుకోకూడదు, గాలిలోనో నీటిలోనో కలపకూడదు. 2023 డిసెంబరులో కొంత సడలింపు వచ్చింది. మృతుని జీవితంలో ముఖ్యమైన చోట చిన్న భాగాన్ని ఉంచుకోవడానికి, కొన్ని షరతులతో, అధికారులు అనుమతించవచ్చు.

నన్ను కదిలించింది ఆ 2016 సూచనలో చెప్పిన కారణం. ఇంట్లో ఉన్న అస్థికలను మన తరం ప్రేమగా చూసుకుంటుంది, తర్వాతి తరానికి అవి ఎవరివో తెలియకపోవచ్చు. సంఘం మధ్య ఉంటే కుటుంబం మరచిపోయినా ప్రార్థన ఆగదు. మా అమ్మను గూటిలో ఉంచింది అందుకే. ఒక్క వెలితి మాత్రం ఉంది. నవంబరు 2న సమాధుల పండుగకు మా ఊళ్లో సున్నం వేసి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లం. ఇక్కడ మంట వెలిగించనివ్వరు, పూలు కూడా వారు చెప్పిన చోటే పెట్టాలి. మీ అమ్మగారికి ఇది ముందే చెప్పండి, ఆ రోజు అక్కడికి వెళ్లి తెలుసుకుంటే నొచ్చుకుంటారు.

జవాబు: బర్మింగ్‌హామ్ నుంచి ఒక సభ్యుడు

ఇంగ్లాండు చదువరుల కోసం రెండు మాటలు. ఇక్కడ చర్చి ఆఫ్ ఇంగ్లాండు ఆవరణల్లో చాలాచోట్ల గూళ్లకు బదులు అస్థికలను తోటలో నేరుగా మట్టిలోనే పెడతారు. ప్రతిష్ఠించిన నేలలో ఒకసారి పెట్టాక తీయాలంటే డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) న్యాయస్థానం అనుమతి కావాలి. క్రైస్తవ భూస్థాపన శాశ్వతమన్నది వారి మూలసూత్రం కనుక ఆ అనుమతి సులభంగా రాదు. ఎప్పటికైనా ఇండియాకు తీసుకువెళ్లాలనుకునేవారు ఇక్కడ తొందరపడవద్దు.

ప్రశ్న అడిగిన సోదరి

మీ అందరికీ కృతజ్ఞతలు. అన్నయ్యగారూ, మక్పేలా గుహ మాట అమ్మకు చదివి వినిపించాను. నాలుగు నెలల్లో మొదటిసారి, “అయితే కాగితం అడుగు” అని తనంతట తాను అంది. ఒకవేళ ఊరికి తీసుకువెళ్లవలసి వస్తే విమానంలో ఇబ్బందులు ఉంటాయా?

జవాబు: హ్యూస్టన్ సభ్యుడు

తీసుకువెళ్లవచ్చమ్మా. మరణ ధ్రువపత్రం, దహన ధ్రువపత్రం, భారత కాన్సులేట్ ఇచ్చే నిరభ్యంతర పత్రం దగ్గర ఉంచుకోండి. కాన్సులేట్ మీ నాన్నగారి పాస్‌పోర్టు కూడా అడగవచ్చు, దాన్ని జాగ్రత్త చేయండి. అమెరికా విమానాశ్రయాల్లో భద్రతా సిబ్బంది పాత్రను తెరవరు, మనం తెరవమని కోరినా తెరవరు. ఎక్స్‌రేలో లోపలిది కనిపించకపోతే అనుమతించరు. కాబట్టి ఇత్తడి, రాతి పాత్రలు వద్దు. ప్రయాణానికి చెక్క పెట్టెగానీ ప్లాస్టిక్ పెట్టెగానీ వాడి, చేతి సామానులోనే ఉంచుకోండి. విమాన సంస్థను మాత్రం టికెట్ కొనేముందే అడగండి.

పంచడం గురించి మీరు నా అభిప్రాయం అడిగారు. మీ అమ్మగారు ఉన్నంతకాలం ఆయనను ఆమెకు దగ్గరగా ఉంచండి. సగం పంపితే పెదనాన్నగారికి కొంత ఊరట, మీ అమ్మగారికి కొంత లోటు. బయటకు తీసుకునే హక్కు రాయించుకుంటే ఇద్దరినీ కలిపి ఒకనాడు ఊరికి తీసుకువెళ్లే దారి తెరిచే ఉంటుంది.

ప్రశ్న అడిగిన సోదరి, మూడు వారాల తర్వాత

చర్చివారు నొచ్చుకుంటారేమో అనుకున్నాను. పాస్టరుగారు ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకున్నారు. నిర్వహణ నిధి విడిగానే ఉందట, లెక్కలు చూపించారు. పాత్రను బయటకు తీసుకునే హక్కు అమ్మ తర్వాత నాకూ తమ్ముడికీ ఉమ్మడిగా ఉండేలా రాశారు. సంఘం మరో సంఘంలో కలిస్తే ఏమిటన్న ప్రశ్నకు వారి దగ్గరా జవాబు లేదు. వచ్చే నెల సంఘ పెద్దల సమావేశంలో పెట్టి, తీర్మానం నకలు ఇస్తామన్నారు. అది చేతికి వచ్చాకే సంతకం చేస్తాం.

పెదనాన్నగారికి ఫోనులో అన్నీ వివరించాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, నాయనమ్మ సమాధి దగ్గరి మట్టి కొంచెం పంపిస్తాను, గూటిలో పెడతారా అని అడిగారు. విదేశీ మట్టిని ఈ దేశంలోకి అనుమతి లేకుండా తేకూడదు కదా, ఆ మాట ఆయనకు చెప్పడం కష్టమైంది. నాన్న పెళ్లినాటి బైబిలు ఆయన దగ్గరే ఉంది. అందులో తన చేత్తో రాసిన కుటుంబం పుటకు నకలు పంపమన్నాను, పాత్ర పక్కన పెడతాం.

నిన్న ఆరాధన అయ్యాక అమ్మను గోడ దగ్గరకు తీసుకువెళ్లాను. పై వరుసలు, కింది వరుసలు చూసి, చేయి చాపి, తన అరచేయి ఆనే వరుస ఇదని చూపించింది. అదే అడిగాం. పలక మీద పేరు తెలుగులో చెక్కడానికి ఒప్పుకున్నారు. నమూనా రాగానే ఇక్కడ పెడతాను, ఒత్తులు సరిగా ఉన్నాయో లేదో అందరూ ఒకసారి చూసి చెప్పండి.