నల్గొండ ఫ్లోరైడ్ కేస్ స్టడీ: జవాబు ముందే తెలిసిపోతుంటే ఎలా?

డిగ్రీ కెమిస్ట్రీలో 60 మందికి, 50 నిమిషాల పీరియడ్‌కి ఈ కేసు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 4 మిల్లీగ్రాములు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి 1, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరనిచ్చి, వడకట్టే నల్గొండ పద్ధతి ఆ ఊరికి సరిపోతుందా అన్నది ప్రశ్న.

కేసును మూడు కాగితాలుగా విడదీసి, ఐదుగురి గుంపులకు ఒకదాని తర్వాత ఒకటి ఇస్తున్నాను. చిక్కు మొదటి కాగితంలోనే. ఊరి పేరు చూడగానే ఫోన్ తీసి "ఫ్లోరైడ్" అనేస్తారు, ఆలోచన అక్కడితో సరి! అసలు పస మూడో కాగితంలో ఉంది: పటిక పెంచితే ఫ్లోరైడ్ తగ్గుతుంది, కానీ పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార స్థాయి) అటూఇటూ అయితే అల్యూమినియం కరిగి మిగులుతుంది (గరిష్ఠ పరిమితి లీటరుకు 0.2 మిల్లీగ్రాములు), పైగా అడుగున పేరుకున్న మడ్డిని ఎక్కడ పోయాలి? అక్కడికి చేరేసరికి గంట కొట్టేస్తారు.

ఊరి పేరు తీసేసి నీటి పరీక్ష పట్టికతోనే మొదలుపెడితే మేలా, ఫ్లోరైడ్ అని ముందే చెప్పేసి నేరుగా పటిక మోతాదు తగువులోకి దించడం మేలా? నా మొగ్గు రెండోదానికే. గుంపులో ఒక్కరే రాస్తున్నప్పుడు మార్కులెలా వేస్తున్నారో కూడా చెప్పండి.