.50 కాలిబర్ మజిల్‌లోడర్: మూడో గుండు దాటితే గురి ఎందుకు చెదురుతోంది?

ప్రశ్న (ఒహాయో నుంచి)

అందరికీ నమస్కారం. మా ఊరి రైఫిల్ క్లబ్బులో, మూతి వైపు నుంచి మందూ గుండూ కూరి పేల్చే పాతకాలపు రైఫిళ్ళ కోసం విడిగా ఒక వరుస కేటాయించారు. అక్కడి పెద్దల నిదానం, ఒక్కొక్క గుండు మీద వారు పెట్టే శ్రద్ధ చూసి నాకూ ఆసక్తి కలిగి, హాకెన్ అనే పాత అమెరికన్ రైఫిల్ తరహాలో చేసిన .50 కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం) పెర్కషన్ రైఫిల్ ఒకటి కొన్నాను. ఇందులో నిపుల్ అనే చిన్న మొన మీద పెట్టిన క్యాప్, అంటే దెబ్బ తగిలితే పేలే చిన్న లోహపు టోపీ, లోపలి మందుకు నిప్పు అందిస్తుంది. దాని గొట్టంలోని గాడులు 48 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. .490 అంగుళాల సీసపు గుండు, దాని చుట్టూ 0.015 అంగుళాల మందం గల నూలు ప్యాచ్ (గుడ్డముక్క), మందుగా 2ఎఫ్ (రవ్వ సైజు గుర్తు) బ్లాక్ పౌడర్ 70 గ్రెయిన్లు (మందును కొలిచే చిన్న ప్రమాణం) వాడుతున్నాను. వేట నా ఉద్దేశం కాదు. 50 గజాల దూరంలో కాగితపు టార్గెట్ మీద నిలకడగా కొట్టగలగాలన్నదే నా కోరిక.

మొదటి రెండు మూడు గుండ్లు అరచేతిలో ఇమిడేంత దగ్గరగా పడుతున్నాయి. ఆ తర్వాత ఒకటి పైకి, ఒకటి పక్కకు చెదిరిపోతున్నాయి. మరో రెండు పేల్చేసరికి గుండు గొట్టంలో సగం దూరం దిగి బిగుసుకుంటోంది, దాన్ని అడుగుదాకా దింపడానికి రాంరాడ్ (గుండును లోపలికి తోసే కడ్డీ) మీద బలమంతా పెట్టవలసి వస్తోంది. ఇంటికి వచ్చాక, నా మామూలు రైఫిల్‌కు వాడే సాల్వెంట్‌తోనే దీన్నీ తుడిచి, గన్ ఆయిల్ పట్టించి బీరువాలో పెడుతున్నాను. అయినా తర్వాత బయటికి తీసినప్పుడు తెల్లటి గుడ్డ తోస్తే గోధుమరంగు తేలుతోంది, పైగా మొదటి క్యాప్ టప్పున పేలుతుంది గాని లోపలి మందు అంటుకోదు. గురి సమస్య, తుప్పు సమస్య వేర్వేరా, లేక రెండింటికీ మూలం ఒకటేనా? గుండు సైజు మార్చాలా, మందు మార్చాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఇండియానా నుంచి)

మూలం ఒకటేనండి. గుండునూ మందునూ ఇప్పుడే మార్చకండి. ముందు గొట్టం లోపల ఏం జరుగుతోందో చూద్దాం.

బ్లాక్ పౌడర్ అంటే సుమారు 75 పాళ్ళు పెట్లుప్పు, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. ఈ మిశ్రమం మండినప్పుడు అందులో సగానికి కాస్త తక్కువే వాయువుగా మారుతుంది. మిగిలినదంతా పొటాషియం కార్బొనేట్, పొటాషియం సల్ఫేట్ వంటి లవణాలుగా, కొంత మసిగా మారుతుంది. అందులో కొంత పొగతో పాటు బయటికి పోగా, మిగతాది గొట్టం గోడలకే పట్టుకుంటుంది. ముసురు రోజుల్లో ఉప్పుజాడీ చెమర్చినట్టు ఆ లవణాలు గాలిలోని తేమను లాక్కుంటాయి. గాలి పొడిగా ఉన్న రోజున అదే మసి గట్టి పెంకు కడుతుంది. అంటే మీరు శుభ్రమైన గొట్టంలోంచి మొదటి గుండును, కొద్దిగా మసి పట్టిన గొట్టంలోంచి రెండోదాన్ని, పెంకు కట్టిన గొట్టంలోంచి ఐదోదాన్ని పేలుస్తున్నారు. గొట్టం స్థితి ప్రతిసారీ మారుతూ ఉంటే గుండు బిగువూ మారుతుంది, మందు మీద దాని ఒత్తిడీ మారుతుంది, అందుకే అవి ఒకచోట పడవు.

అందుచేత ప్రతి గుండుకూ ముందు గొట్టాన్ని ఒకే స్థితికి తీసుకురావాలి. నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ 1933లో ఏర్పడింది. దాని కేంద్రం మా రాష్ట్రంలోనే ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్ళో ఉంది. అక్కడి పోటీలకు వచ్చేవారిలో గుండుకూ గుండుకూ మధ్య గొట్టం తుడిచే అలవాటు ఎక్కువగా కనిపిస్తుంది. తుడవడంలో ఒక మెలకువ ఉంది. గుడ్డముక్క చెమ్మగా ఉండాలి గాని, పిండితే నీరు కారేంత తడిగా ఉండకూడదు. దాన్ని జాగ్‌కు (రాడ్ కొసన గుడ్డను పట్టి ఉంచే ముక్క) తొడిగి మెల్లగా అడుగుదాకా దింపి, ఒక్క క్షణం ఆగి, ఒకే ఊపున బయటికి లాగండి. తర్వాత గుడ్డను తిప్పి రెండో వైపుతో ఒకసారి, పొడి గుడ్డతో మరొకసారి అలాగే చేస్తే చాలు. పైకీ కిందికీ తోమినట్టు ఆడించకండి. మీది హాకెన్ తరహా గనుక బ్రీచ్ (గొట్టం వెనుక కొస) అడుగున గొట్టంకన్నా సన్నని గది ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. తడి మసిని ఆ గదిలోకి నెట్టారంటే నిపుల్‌కు వెళ్ళే దారి మూసుకుపోయి, క్యాప్ పేలినా మందు అంటుకోదు.

చెమ్మ గుడ్డ వల్ల ఇంకో మేలూ ఉంది: అడుగున నిప్పురవ్వ ఏదైనా మిగిలి ఉంటే ఆరిపోతుంది. మందు దాచే కొమ్ములోంచి గాని ఫ్లాస్కులోంచి గాని మందును నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ ఒంపకండి, వేరే కొలతగిన్నెలోకి తీసుకునే పోయండి. మందు కూరేటప్పుడు నిపుల్ మీద క్యాప్ ఉండకూడదు, గొట్టం మూతికి ఎదురుగా ముఖం గాని ఛాతీ గాని ఉండకూడదు. మీరు రాంరాడ్ మీద బలమంతా పెడుతున్నానన్న మాట చదివి నాకు ఆందోళన కలిగింది. గుండు సగంలో ఆగిపోయి, మందుకూ గుండుకూ మధ్య ఖాళీ మిగిలిన స్థితిలో పేలిస్తే గొట్టం ఉబ్బిపోవచ్చు, పగిలిపోవచ్చు కూడా.

సమాధానం (టెక్సస్ నుంచి)

పైవారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, రెండు అలవాట్లు జోడిస్తాను.

మొదటిది, రాంరాడ్ మీద గుర్తు పెట్టుకోవడం. శుభ్రమైన గొట్టంలో మందు పోసి, గుండును సరిగ్గా మందు మీద కూర్చోబెట్టి, గొట్టం మూతి దగ్గర రాంరాడ్ మీద ఒక గీత గీయండి. ఖాళీ గొట్టానికి మరో గీత ఉండాలి. ఇక మీదట ప్రతిసారీ ఆ మొదటి గీత మూతికి సమంగా రావాలి. రాకపోతే గుండు అడుగుకు చేరలేదని గాని, మందు రెండుసార్లు పోశారని గాని వెంటనే తెలిసిపోతుంది. గుండు మందును తాకాక రాంరాడ్‌తో దబదబా కొట్టకుండా, ప్రతిసారీ ఒకే పాటి ఒత్తిడి పెట్టి వదిలేయండి.

రెండోది, పేలిన ప్యాచ్‌లను ఏరుకుని చదవడం. ఇది చాలామంది పట్టించుకోని విషయం గాని, గొట్టం లోపలి సంగతిని ఇంత స్పష్టంగా చెప్పే సాక్ష్యం మరొకటి లేదు. రేంజ్‌లో పేల్చడం ఆగి, ముందుకు వెళ్ళేందుకు అనుమతి ఇచ్చాక మూతికి కొన్ని గజాల దూరంలో నేల మీద వెతికితే దొరుకుతాయి. మంచి ప్యాచ్ దాదాపు గుండ్రంగానే మిగిలి ఉంటుంది: మధ్యలో గుండు కూర్చున్న చోట పొగచూరిన మచ్చ, దాని చుట్టూ గాడులు ఒత్తిన గీతలు, అంచున కొద్దిగా పీచులు. మధ్యలో కాలి రంధ్రం పడి ఉంటే ప్యాచ్ పలచనైనా అయి ఉండాలి, దానికి పట్టించిన జిడ్డు చాలకనైనా ఉండాలి, లేదా మందు ఎక్కువైనా అయి ఉండాలి. గాడుల గీతల వెంబడే కత్తితో కోసినట్టు చీలి ఉంటే, కొత్త గొట్టంలో గాడుల అంచులు గాని మూతి అంచు గాని ఇంకా పదునుగా ఉన్నాయని అర్థం. కాలిన గుర్తులు ఒకే పక్కన కనిపిస్తే గుండు ప్యాచ్ మధ్యలో కూర్చోలేదు.

ప్యాచ్‌లు కాలి కనిపిస్తే 0.018 అంగుళాల మందం గల, గట్టి నేత ఉన్న దిండుగలీబు గుడ్డను ప్రయత్నించండి. .490 గుండుకు రెండు వైపులా అది చేరితే 0.526 అవుతుంది. గుడ్డ నలిగి గాడుల్లోకి దిగి, వెనుకనుంచి వచ్చే వాయువును బాగా ఆపుతుంది. మందు విషయంలో, తయారీదారు పుస్తకంలో మీ రైఫిల్‌కు ఇచ్చిన పరిమితి దాటకుండా, 50 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టి ఐదేసి గ్రెయిన్లు పెంచుతూ వెళ్ళండి. మందు ఎక్కువైనంత మాత్రాన గురి మెరుగుపడదు, 50 గజాలకు అసలు అవసరమే ఉండదు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. గుడ్డా మందూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎన్నటికీ తేలదు.

సమాధానం (పెన్సిల్వేనియా నుంచి)

శుభ్రపరచడం గురించి నేను చెబుతాను. మీ తుప్పుకు కారణం అశ్రద్ధ కాదు, మీరు వాడుతున్న సాల్వెంట్. ఆధునిక రైఫిల్ సాల్వెంట్లలో చాలావాటిని రాగి మరకలకూ పొగలేని మందు మసికీ తయారుచేశారు. బ్లాక్ పౌడర్ మిగిల్చేవి లవణాలు, లవణాలను కరిగించేది నీరు. ఆ లవణాల మీదే నూనె పూస్తే అవి నూనె కింద భద్రంగా కూర్చుని ఇనుమును తింటూ ఉంటాయి.

పేల్చిన రోజే, రాత్రిలోగా కడగాలి. రైఫిల్‌లో మందు లేదని రాంరాడ్ గుర్తుతో ముందు నిర్ధారించుకోండి. మీ నమూనాలో గొట్టాన్ని కర్రకు బిగించే అడ్డమేకు ఉంటే దాన్ని తీసి గొట్టాన్ని విడదీయండి. నిపుల్ విప్పి, బ్రీచ్ వైపును బకెట్టులో ముంచండి. బకెట్టులో గోరువెచ్చని నీరు, గిన్నెలు తోమే సబ్బు కొన్ని చుక్కలు ఉంటే చాలు. మూతి వైపు నుంచి తడి గుడ్డ తొడిగిన రాడ్‌ను పైకీ కిందికీ ఆడిస్తే నిపుల్ రంధ్రం గుండా నీరు లోపలికి పీల్చుకుని మళ్ళీ బయటికి చిమ్ముతుంది. మొదట సిరాలాంటి నలుపు, గంధకపు కంపు. కొద్దిసేపటికి బూడిదరంగు, ఆపైన తేట. అప్పుడు సబ్బులేని నీటితో మరోసారి అలాగే కడగండి. అడుగునున్న సన్నని గదికి పెద్ద జాగ్ చేరదు గనుక, చిన్న కాలిబర్ బ్రష్‌కు గుడ్డ చుట్టి దాన్ని విడిగా తుడవాలి. మీ మొదటి క్యాప్ వృథా కావడానికి అక్కడ నిలిచిన నూనే కారణమని నా నమ్మకం.

సలసల కాగే నీరే మంచిదని చెప్పేవారున్నారు, ఇనుము వేడెక్కి దానంతటదే ఆరిపోతుందని వారి వాదన. నా అభిప్రాయం వేరు. మరిగే నీరు ఆరుతున్న ఆ కొద్ది క్షణాల్లోనే గొట్టం లోపల పలచని తుప్పు పొర వచ్చేస్తుంది. గోరువెచ్చని నీటితో కడిగి, గుడ్డలు పొడిగా బయటికి వచ్చేదాకా తుడిస్తే ఆ బెడద ఉండదు. తర్వాత బాలిస్టాల్ వంటి నూనెను పలచగా పట్టించి, గొట్టాన్ని మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. మర్నాడు ఒక తెల్ల గుడ్డ తోసి చూడండి. గోధుమరంగు తేలితే మళ్ళీ తుడిచి నూనె పట్టించండి. నిపుల్ మరలకు కాస్త గ్రీజు రాయడం మరవకండి.

మళ్ళీ రేంజ్‌కు వెళ్ళినప్పుడు, మందు పోయకముందే ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో నూనెను పూర్తిగా తీసేసి, పొడి గుడ్డ కూడా తోయండి. ఖాళీ రైఫిల్‌ను రేంజ్ దిక్కుకే ఉంచి, మూతిని గడ్డిపరక దగ్గరకు వంచి, ఒక క్యాప్ పేల్చండి. గడ్డిపరక కదిలితే దారి తెరుచుకుని ఉన్నట్టే. అన్నీ చేసినా ఎప్పుడైనా మందు అంటుకోకపోతే, కనీసం ఒక నిమిషం పాటు మూతిని టార్గెట్ వైపే ఉంచి కదలకుండా నిలబడండి. ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంటుంది.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంకో సందేహం. ఇనుప పెనాన్ని నూనెతో పదును చేసినట్టు గొట్టాన్ని కూడా జిడ్డుతో పదును చేయాలని, సబ్బునీరు తగిలితే ఆ పదును పోతుందని ఒకరు చెప్పారు. పైగా నా దగ్గర బ్లాక్ పౌడర్‌కు బదులుగా వాడే పైరోడెక్స్ డబ్బా కూడా ఉంది. దానికీ ఇదే పద్ధతి వర్తిస్తుందా?

సమాధానం (పెన్సిల్వేనియా నుంచి)

పోత ఇనుముకు వర్తించే మాట నేటి ఉక్కు గొట్టానికి వర్తించదు. పదును పేరుతో లోపల మిగిలేది కాలిన జిడ్డూ మసీ కలిసిన పొర మాత్రమే. సందేహం లేకుండా కడగండి. పైరోడెక్స్ మసికీ నీరే విరుగుడు, అయితే మరింత త్వరగా కడగాలి. అందులోని పెర్క్లోరేట్ మండినప్పుడు పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది, ఇనుముకు అది మామూలు ఉప్పంత చేటు చేస్తుంది. ఈ బదులు మందులను తూకంతో కాక, బ్లాక్ పౌడర్ కొలతగిన్నెతోనే కొలవాలి. ట్రిపుల్ సెవెన్ అనే మరో బదులు మందు మాత్రం బలమైనది గనుక కొలతను సుమారు 15 శాతం తగ్గించమంటారు. పొగలేని ఆధునిక మందును ఇందులో చిటికెడైనా వాడకూడదు.

సమాధానం (ఇండియానా నుంచి)

గుండ్లు ఒకచోట పడటం మొదలయ్యాకే సైట్ల (గొట్టం మీద గురి చూసే గుర్తుల) జోలికి వెళ్ళండి, అంతకుముందు సర్దితే ఏ లోపాన్ని సర్దుతున్నారో తెలియదు. గుంపు ఎడమకు పడుతుంటే వెనుక సైట్‌ను కుడికి జరపాలి. గుంపు కిందికి పడుతుంటే ముందు సైట్‌ను ఆకురాయితో రెండు మూడు తోపులు మాత్రమే అరగదీసి మళ్ళీ పేల్చి చూడండి, అరగదీసినదాన్ని తిరిగి అతికించలేం గదా. మీది ఇత్తడి ముందు సైట్ అయితే, ఎండ ఏ పక్కనుంచి పడితే ఆ పక్క మెరిసి కన్ను అటే లాగుతుంది. అగ్గిపుల్ల మసితో దాన్ని నల్లగా చేసుకుని, అన్నీ ఒకే వెలుతురులో పేల్చి, అప్పుడు ఎంత సర్దాలో నిర్ణయించుకోండి.