వినికిడి తగ్గిన పెద్దాయనకి అలెక్సా మాట అర్థం కావట్లేదు, ఏం మార్చాలి?

గోదారిగట్టు:
నాన్నగారికి 76 ఏళ్లు. రెండు చెవులకీ వినికిడి తగ్గింది. చెవి మెషీన్ ఉంది గానీ ఇంట్లో పెట్టుకోరు. ఫిఫ్త్ జెన్ ఎకో డాట్ (అలెక్సా స్పీకర్) హాల్లో టీవీ పక్కన ఉంటుంది. వాల్యూమ్ పదిలో పెట్టినా "ఏదో గొణుగుతోంది" అంటారు, మిగతావాళ్లకేమో చెవులు చిల్లులు పడుతున్నాయి. ఇంగ్లీషు అంతంతమాత్రం. మందుల రిమైండర్ మాత్రం తప్పకుండా తెలియాలి. సెట్టింగులతో సరిపోతుందా, వేరేది కొనాలా?

ట్రెబుల్‌బాబు:
కొనేముందు ఇవి చూడండి. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి పై ఫ్రీక్వెన్సీలు, సుమారు 2000 హెర్ట్జ్ దాటినవి. అచ్చుల బలమంతా కిందే ఉంటుంది కాబట్టి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది. స, ష, ఫ లాంటివి జారిపోతాయి, ఫిఫ్టీ ఏదో సిక్స్‌టీ ఏదో పోల్చుకోలేరు. పైగా ఈ చెవులకి చిన్న శబ్దం అందదు, పెద్దది భరించలేనంతగా తగులుతుంది. అందుకే పదిలో పెట్టినా లాభం లేదు. ఆరేడు చాలు.

అలెక్సా యాప్‌లో డివైసెస్, మీ ఎకో, సెట్టింగ్స్, ఆడియో సెట్టింగ్స్‌కి వెళ్లండి. స్కేలు -6 నుంచి +6. బాస్ (కింది శబ్దాలు) -4, మిడ్ (మధ్యవి) +2, ట్రెబుల్ (పై శబ్దాలు) +4తో మొదలుపెట్టి ఆయన్ని అడుగుతూ మార్చండి. "అలెక్సా, స్పీక్ స్లోవర్" అంటే నెమ్మదిస్తుంది.

డాట్‌ని టీవీ పక్కనుంచి తీసేయండి. ఆయన కుర్చీకి మీటరు లోపు, కూర్చుంటే చెవి ఎత్తులో ఉండాలి. దూరం సగానికి తగ్గితే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది, టైల్స్ హాలు ప్రతిధ్వనీ తక్కువ కలుస్తుంది. గోడ మూలన పెడితే బాస్ ఉబ్బుతుంది.

చెవిమెషీన్:
పై అంకెలు మెషీన్ లేని చెవికే. మెషీన్ ఇప్పటికే ట్రెబుల్ పెంచుతుంది. దాని మీద +4 వేస్తే కీచుమంటుంది. పెట్టుకున్నప్పుడు ట్రెబుల్ సున్నాకి తెచ్చి బాస్ మాత్రం కాస్త తగ్గించండి.

అసలు ఎందుకు పెట్టుకోవట్లేదో ఆయన్నే అడగండి. ఈల వేస్తుంటే మోల్డ్ (చెవిలో కూర్చునే భాగం) వదులై ఉంటుంది, లేదా చెవిలో గుబిలి ఉంటుంది. సొంత గొంతు కుండలోంచి వచ్చినట్టుంటే వెంట్ (ఆ మోల్డ్‌లో గాలి ఆడే రంధ్రం) పెద్దది చేయాలి. రెండూ ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) దగ్గర సరిచేయించుకోగలిగేవే.

తెరమీదచదువు:
నా లెక్కలో పెద్ద అడ్డంకి భాష. అలెక్సా తెలుగు మాట్లాడదు. వినపడని అక్షరాన్ని మనం సందర్భాన్నిబట్టి పూరించుకుంటాం. అది తెలుగులో అయినంత తేలిగ్గా అరకొర ఇంగ్లీషులో అవదు. ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో గూగుల్ వాళ్ల అసిస్టెంట్ జెమినీ తెలుగులో మాట్లాడుతుంది, జవాబు అక్షరాల్లోనూ చూపిస్తుంది. ట్యాబ్‌ని స్టాండ్ మీద పెట్టి ఫాంట్ పెద్దది చేయండి. మెషీన్‌కి బ్లూటూత్ ఉంటే ఆ మాట నేరుగా చెవిలోకే పోతుంది.

తెర ఉన్న అలెక్సా, అంటే ఎకో షో కొంటే సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలో అలెక్సా క్యాప్షన్స్ (తను చెప్పేది తెరమీద అక్షరాల్లో చూపేవి) ఆన్ చేయాలి. పక్కనే ఉండే క్లోజ్డ్ క్యాప్షన్స్ వీడియోలకి, దాన్ని ఆన్ చేసి రావట్లేదని తిట్టుకునేవాళ్లు బోలెడుమంది. ఆ క్యాప్షన్లూ తెలుగులో రావు, కాబట్టి మీ ఇంటికి నేనైతే ట్యాబే అంటాను.

గోదారిగట్టు:
సరేనండి, చోటు ఇవాళే మారుస్తాను. మరి మందుల రిమైండర్? ఆయన బాల్కనీలో ఉంటే మాట వినపడదు కదా.

ట్రెబుల్‌బాబు:
మాట మీద ఆధారపడొద్దు, దీపం పెట్టండి. 6 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు (వైఫైతో ఆన్, ఆఫ్ అయ్యేది), దానికో టేబుల్ ల్యాంపు, ఆయన కూర్చునే చోట ఎదురుగా కనపడేలా. బాల్కనీలో ఒకటి, మంచం దగ్గర ఇంకొకటి. అలెక్సా యాప్‌లో రొటీన్ (టైముకి తనంతట తాను జరిగే పనుల వరస) పెట్టండి: షెడ్యూల్‌లో మందుల టైము, ప్లగ్గు ఆన్, వెయిట్ పది నిమిషాలు, ప్లగ్గు ఆఫ్. ఈ ప్లగ్గులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, 5కి కలపబోతే దొరకవు. ల్యాంపు సొంత స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. పనిమనిషి తుడుస్తూ ఆపేస్తే ఆ పూట మందు పోయినట్టే, స్విచ్ మీద టేపు వేసేయండి. కరెంటు పోతే రౌటర్, ప్లగ్గు, ల్యాంపు ఆగకుండా యూపీఎస్ పెట్టండి, నెట్ లేకపోతే రొటీన్ నడవకపోవచ్చు.